మహారాజశ్రీ హైపర్‌వైజర్ గారికి

మహారాజశ్రీ హైపర్‌వైజర్ గారి దివ్య సముఖానికి,

హైదరాబాదు, గచ్చిబౌలి నుంచి తమ సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు అనేక నమస్కారములతో రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి అనడం మర్యాద. తమరు కుశలమేనని డాష్‌బోర్డు మీది ఆకుపచ్చ గుర్తు చెబుతూనే ఉంది. నా కుశలం చూపించే డాష్‌బోర్డు ఇంకా తయారు కాలేదు కనుక, ప్రస్తుతానికి ఏకకుశలోపరి.

ఈ ఉత్తరం తమరు చదువుతారో లేదో అన్న బెంగ నాకు లేదు. అర్ధరాత్రి నిద్రమత్తులో నేను ఒక అక్షరం తప్పు కొడితే సెకన్లతో సహా లాగ్‌లో రాసిపెట్టుకునేవారు, ఇంత పొడుగు ఉత్తరాన్ని వదిలిపెడతారా? మా ఆఫీసులో కొలువైనది తమ వంశంలో ఏ శాఖవారో మాత్రం ఇక్కడ బయటపెట్టను. ఒక శాఖనే పేరుపెట్టి అంటే మిగతావారు అమాయకులని జనం అనుకుంటారు. అందుకని వంశానికంతటికీ కలిపే రాస్తున్నాను. పేర్లతో రాసినవన్నీ లోకానికి తెలిసిన సంగతులు. పేరు లేనివి నా ఒంటి మీద పడినవి.

ముందు తమరు చేసిన మేళ్లు ఒప్పుకోవాలి. తమరు రాకముందు మా సర్వర్ రూముల్లో అప్లికేషనుకు ఒక సర్వరు. జీతాలకు ఒకటి, మెయిలుకు ఒకటి, ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన హాజరుపట్టీ ప్రోగ్రాముకు మరొకటి. సగం పెట్టెలు పనిలేకుండా వేడెక్కుతుంటే, ఆ వేడి తగ్గించడానికి ఏసీలు కరెంటు తాగేవి. తమరు వచ్చి, ఒక్క ఇనప పెట్టెలో పదుల కొద్దీ మెషిన్లను సర్దారు. పెట్టె మొత్తం తనదేనని ప్రతి మెషినూ నమ్మేలా చేశారు.

తమది పాత వంశమని కూడా ఎరుగుదును. ఒక మెయిన్‌ఫ్రేమును అనేక మెయిన్‌ఫ్రేములుగా చూపించే వీఎం/370ని ఐబీఎం వారు 1972లోనే ప్రకటించారు. 1998లో డయాన్ గ్రీన్, మెండెల్ రోసెన్‌బ్లమ్ తదితరులు వీఎంవేర్ స్థాపించి, ఆ విద్యను మామూలు ఇంటెల్ కంప్యూటర్ల మీదికి దించారు. 2001లో ఈఎస్ఎక్స్ సర్వర్, 2003లో వీమోషన్ వచ్చాయి. నడుస్తున్న మెషినును ఆపకుండా, వాడుతున్నవాళ్లకు తెలియకుండా, ఒక సర్వరు మీది నుంచి ఇంకో సర్వరు మీదికి మార్చేయడం! టికెట్ రెయిజ్ చేసి మరీ చూసిన ఇంద్రజాలం నా ఉద్యోగంలో అదొక్కటే. ఆ రోజే తమకు దాసుణ్ణయ్యాను.

దాసుడిగా నేను చేసిన సేవలు కూడా తమ లాగ్‌లలో ఉండాలి. భోగి మంటల దగ్గర అందరూ చేతులు కాచుకుంటుంటే నేను ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని తమ అలారాలు చల్లార్చాను. పెళ్లి పంక్తిలో పప్పు వడ్డించి నెయ్యి వచ్చేలోగా లేచి వెళ్లి బ్రిడ్జి కాల్‌లో చేరాను. స్టోరేజీ నిండి తమకు ఊపిరాడనప్పుడు, మెషిన్ల పాత స్థితిని దాచిపెట్టే స్నాప్‌షాట్లను, ఎవరో తీసి మరిచిపోయినవాటిని, ఒక్కొక్కటే ఏరాను. మూడు రోజులకు మించి స్నాప్‌షాట్ ఉంచవద్దని తమ పెద్దలే సలహా ఇస్తారు. పుట్టినరోజు జరుపుకోదగ్గ వయసున్నవి మా దగ్గర బోలెడు. వాటిని తీసేటప్పుడు తమ మెషిను మూగబోతుందేమోనని నేను ఊపిరి బిగపట్టుకున్న నిమిషాలకు ఓవర్‌టైమ్ లేదు. ఇంత చేసినందుకు దక్కిన ప్రతిఫలాన్ని కింద వరుసగా మనవి చేస్తున్నాను. చిత్తగించవలెను.

మొదటి మనవి, అప్‌డేట్లు. తమ బంధువర్గంలో పెద్దవారైన మైక్రోసాఫ్ట్ వారు 2003 అక్టోబరు నుంచి నెలలో రెండో మంగళవారం ప్యాచులు విడుదల చేస్తున్నారు. అమెరికా పడమటి తీరంలో అప్పుడు ఉదయం 10 గంటలు, వారికి చక్కని కాఫీ వేళ. మన గడియారంలో వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. మంగళవారం నాడు గోళ్లు కూడా తీసుకోనివ్వని ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. అలాంటివాడిచేత మంగళవారం రాత్రి టెస్టు సర్వర్లు రీబూట్ చేయిస్తున్నారు.

ఆ తర్వాతి తతంగం తమకు తెలియనిది కాదు. చేంజ్ రిక్వెస్టు రాయాలి. మార్పులకు ఆమోదం ఇచ్చే క్యాబ్ మీటింగులో నిలబడాలి. రోల్‌బ్యాక్ ప్లాన్ ఏదీ అని అడుగుతారు, ఉందని చెప్పాలి. "మా అప్లికేషన్ ముట్టుకోవద్దు" అని ఒకరు, "ఈ శనివారం క్వార్టర్ ఎండ్" అని ఇంకొకరు, జవాబే ఇవ్వనివారు పదిమంది. అందరినీ బతిమాలి శనివారం అర్ధరాత్రి నాలుగు గంటల విండో సంపాదిస్తే, తమరు అందులో మూడున్నర గంటలు 98 శాతం దగ్గర కూర్చుంటారు. ఆపాలా, ఆగాలా? మిగిలిన అరగంటలో నేను మొక్కుకున్న మొక్కులకు తిరుపతి, యాదగిరిగుట్ట రెండూ వెళ్లినా తీరవు.

పోనీ, వేసిన ప్యాచు మంచిదేనన్న భరోసా ఉందా? 2008 ఆగస్టు 12 గుర్తు తెచ్చుకోండి. ఈఎస్ఎక్స్ 3.5 అప్‌డేట్ 2 వేసుకున్నవారు ఆ తెల్లవారి మెషిను ఆన్ చేయబోతే లైసెన్సు గడువు తీరిందన్నారు. లైసెన్సులన్నీ సక్రమంగానే ఉన్నాయి. విడుదలకు ముందు పరీక్షల కోసం పెట్టుకున్న గడువు కోడును తీయడం మరిచి జనం మీదికి వదిలారు, అంతే. సరైన ప్యాచు వచ్చేదాకా అడ్మిన్లు పట్టుకున్న ఉపాయం సర్వరు గడియారాన్ని వెనక్కి తిప్పడం. మేము రాహుకాలం దాటేదాకా ఆగడం చూసి నవ్వేవారు చాలామంది ఉన్నారు. కాలాన్నే వెనక్కి నడిపించిన ఘనత మాత్రం తమదే. వీఎంవేర్ అప్పటి సీఈఓ పాల్ మారిట్జ్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. అది వారి మంచితనం.

2021 అక్టోబరులో వచ్చిన వీఎంవేర్ వీస్ఫియర్ 7.0 అప్‌డేట్ 3 సంగతి మరీ విడ్డూరం. నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. సరిచేసిన రూపం 2022 జనవరిలో గానీ రాలేదు. చెప్పిన వెంటనే వేసుకున్న బుద్ధిమంతులకే శిక్ష! అయితే వేసుకోకుండా ఉందామా? 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ వేల సర్వర్లలో దూరి ఫైళ్లకు తాళం వేసింది. అది దూరిందని చెప్పుకున్న కన్నానికి ప్యాచు 2021 ఫిబ్రవరిలోనే ఉంది. వేయనివారు మునిగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెంటి నడుమ మెయింటెనెన్స్ విండో. ఎటు పడ్డా "అడ్మిన్ ఏం చేస్తున్నాడు?" అనే ప్రశ్న మాత్రం ఒక్కటే.

రెండో మనవి, రిమోట్ డెస్క్‌టాప్. ఇది తమ ద్వారబంధం కనుక కాస్త నిదానంగా చెబుతాను. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పడ్డప్పుడు హైదరాబాదు ఆఫీసులు ఖాళీ అయ్యాయి. భీమవరంలో డాబా మీద ఒకరు, కరీంనగర్‌లో వంటింటి పక్క గదిలో ఒకరు కూర్చుని, గచ్చిబౌలిలో చీకటిగదిలో ఉన్న కంప్యూటర్లను నడిపారు. ఎందరి ఉద్యోగాలో తమ దయవల్ల నిలిచాయి. దండం పెట్టాను, ఇప్పుడూ పెడతాను.

దండం పెట్టిన చేతులతోనే అడుగుతున్నాను: ఆ తలుపు దగ్గర అంత అవమానం ఎందుకు? కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కితే నా ల్యాప్‌టాప్ పలుకుతుంది, సర్వరు పలకదు. దానికి డిలీట్ బదులు ఎండ్ నొక్కాలట. ఈ రహస్యం తెలిసినవాడు సీనియరు, తెలియనివాడు ఫ్రెషరు. విండోస్ సర్వరులో నిర్వహణ పనికి ఒకేసారి ఇద్దరికే ప్రవేశం. ఆ ఇద్దరూ శుక్రవారం సాయంత్రం లాగాఫ్ కాకుండా కిటికీ మూసి ఇంటికి పోయినవారే. వాళ్ల సెషన్లు లోపల కాళ్లు చాపుకుని పడుకుని ఉంటాయి. సర్వరు తగలబడుతోందని ఆన్‌కాల్‌లో ఫోను వచ్చిన నేను బయట నిలబడి ఉంటాను. ఇద్దరి కంటే ఎక్కువమంది కావాలంటే విడిగా లైసెన్సు. అది లేకుండా 120 రోజులు నడవనిస్తారు. 121వ రోజు తలుపు మూస్తారు. ఆ 121వ రోజు ఆదివారమో, దసరానో కాకుండా మామూలు పనిరోజు నాడు రావడం నేనింతవరకు చూడలేదు.

ఉదయం తొమ్మిది అయ్యేసరికి ఆఫీసంతా ఒకేసారి లాగిన్ అవుతుంది. దాన్ని మా భాషలో లాగిన్ స్టార్మ్ అంటారు. తుపాను హెచ్చరిక లేకుండా రోజూ వచ్చే తుపాను. వర్చువల్ డెస్క్‌టాప్ తెరుచుకునేలోగా కాంటీన్‌లో ఇడ్లీ తిని రావచ్చని మావాళ్లు కనిపెట్టారు. తెరుచుకున్నాక టైపు చేసిన అక్షరం కాసేపు ఆలోచించుకుని వస్తుంది. మీటింగులో మా మేనేజరు పెదవులు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. కొన్నిసార్లు అదే మేలనుకోండి. చివరకు "మీ సెషన్ ముగిసింది" అంటారు. ఎందుకు ముగిసింది? చెప్పరు. సరే నొక్కమంటారు. అందులో నాకు సరేననిపించేది ఏముంది?

పైగా మాకు తెరుచుకోని ఆ తలుపు దొంగలకు ఎంత మర్యాదగా తెరుచుకుంటుందో! 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో, పాస్‌వర్డు కూడా అక్కర్లేకుండా 3389 పోర్టు గుండా లోపలికి రావచ్చన్నారు. ఎప్పుడో సేవ విరమించిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచు ఇవ్వాల్సి వచ్చింది. పాస్‌వర్డు, ఓటీపీ, వీపీఎన్ మూడూ ఉన్న నాకు మాత్రం ఆరోజు కూడా "కనెక్ట్ కాలేకపోతున్నాం" అనే వచ్చింది.

మూడో మనవి, సర్టిఫికేషన్లు. తమ సేవకు తగుదునని తమరే ఇచ్చే యోగ్యతాపత్రాల గురించి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఇరుకు గదుల్లో, ఫ్యాను కింద ఎనభైమంది కూర్చుని తమ నామజపం చేసిన తరం మాది. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చి, హాస్టల్ మంచానికి నెల అద్దె కట్టి, తమ బొమ్మ బోర్డు మీద గీసుకుని నేర్చుకున్నాం. తీరా పరీక్షకు వెళ్తే, అది చదువే కాదన్నారు. వీఎంవేర్ వీసీపీ పట్టా కొత్తగా కావాలంటే చాలా ఏళ్లపాటు వారు గుర్తించిన శిక్షణలో కూర్చుని తీరాల్సి వచ్చేది. పని ఎంత వచ్చినా లెక్క ఉండేది కాదు. ఆ శిక్షణ ఫీజు విని మా నాన్న, "ఈ డబ్బుతో రెండు గేదెలు వస్తాయి, అవైనా పాలిస్తాయి" అన్నారు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

పట్టా చేతికొచ్చాక కథ ముగిసిందా? 2014లో వీసీపీకి రెండేళ్ల గడువు పెట్టారు. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష రాయకపోతే నేర్చినదంతా నేర్వనట్టే. 2019లో ఆ నియమం తామే ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో పరీక్ష ఫీజులు కట్టినవారికి ఒక ధన్యవాదమైనా లేదు. మైక్రోసాఫ్ట్ వారి ఎంసీఎస్ఈ అంటే ఒకప్పుడు మావైపు పెళ్లిచూపుల్లో చెప్పుకునే అర్హత. 2021 జనవరి 31తో ఆ పట్టాలకు విశ్రాంతినిచ్చారు. పెళ్లిళ్లు మాత్రం కొనసాగుతున్నాయి.

తమ పేర్ల మార్పుల దెబ్బ మా రెజ్యూమెల మీద పడింది. సిట్రిక్స్ వారి ఇంట్లో 1995లో విన్‌ఫ్రేమ్ అన్నారు, తర్వాత మెటాఫ్రేమ్, ఆ పైన ప్రెజెంటేషన్ సర్వర్, 2008లో జెన్‌యాప్, 2018లో వర్చువల్ యాప్స్. లోపలి పని చాలావరకు అదే. కానీ ఇంటర్వ్యూలో కూర్చున్న కుర్రవాడు, "మీకు జెన్‌యాప్ అనుభవం ఉంది కానీ వర్చువల్ యాప్స్ లేదే?" అంటాడు. 2024లో మైక్రోసాఫ్ట్ తన రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌కు విండోస్ యాప్ అని పేరు పెట్టింది. మ్యాక్ మీద నడిచేదానికి కూడా అదే పేరు. హెల్ప్‌డెస్కుకు ఫోను చేసి "విండోస్ యాప్ తెరుచుకోవడం లేదు" అనేవారికి ఏ విండోస్, ఏ యాప్ అని అడగడానికే సగం కాల్ సరిపోతోంది.

పరీక్ష గది మర్యాదలు కూడా ఒక ముక్క. ఇంటి నుంచే రాయవచ్చన్నారు, సంతోషించాను. బల్ల మీద ఏమీ ఉండకూడదు. గది నాలుగు వైపులా ఫోటో తీసి పంపాలి. గోడ మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంది. అందులో తిథులు, వర్జ్యాలు తప్ప తమ పోర్టు నంబర్లు లేవని ఒప్పించడానికి చాలా సేపు పట్టింది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, పెదవులు కదలకూడదు. ప్రశ్న చదివి మనసులో తిట్టుకోవడానికి మాత్రమే అనుమతి. ఇంత కట్టుదిట్టంలో మొన్నటి ప్రశ్నలను నిన్నే డంప్స్ అమ్మేవాడి దగ్గర కొనుక్కుని బట్టీపట్టినవాడు నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. స్నాప్‌షాట్ తీయమంటే అతను ఫోను బయటకు తీశాడు.

నాలుగో మనవి, బిల్లు. ఇప్పటిదాకా గౌరవంగానే రాశాను. ఇక్కడ కలం కొంచెం బరకగా నడిస్తే మన్నించండి. బ్రాడ్‌కామ్ 2023 నవంబరు 22న వీఎంవేర్‌ను పూర్తిగా సొంతం చేసుకుంది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేశారు. ఇక మీదట చందా మాత్రమే. సొంత ఇల్లని రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాడి గుమ్మంలో నిలబడి, రిపేర్లు కావాలంటే ఇకపై అద్దె కట్టమన్నట్టుంది. ఏటీ అండ్ టీ అంతటి సంస్థే 2024లో న్యూయార్క్ కోర్టుకెక్కి, తమకు చెప్పిన ధర ఏడాదిలో 1,050 శాతం పెంపు అని కాగితాల్లో చూపించింది. తర్వాత రాజీ పడ్డారు. వారికి వకీళ్లున్నారు, మావంటి కంపెనీల్లో ఉన్నది ఫైనాన్స్ హెడ్, ఆయన ముందు నిలబడే నేను.

పిల్లలు నేర్చుకోవడానికి ఉచితంగా ఉన్న వీఎంవేర్ వారి ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో తీసేశారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టారు. ఆ పద్నాలుగు నెలల్లో సెకండ్‌హ్యాండ్ సర్వరు కొని, మంచం కింద పెట్టి నేర్చుకుందామనుకున్న కుర్రాళ్లు వేరే దారి పట్టారు. అమీర్‌పేట బోర్డుల మీద తమ పేరున్న చోట ఇప్పుడు క్లౌడ్, డెవాప్స్ అని రాశారు. రేపు తమకు నాలాంటి దాసులు ఎక్కణ్ణుంచి వస్తారో ఆలోచించారా?

ఇక అసలు మాట. ఇనప పెట్టెకు కట్టుబడి ఉండనక్కర్లేదన్నది తమరు ఇచ్చిన మొదటి మాట. నిలబెట్టుకున్నారు, కాదనను. సర్వరు చచ్చిపోయినా మెషిను పక్క సర్వరు మీద లేచి కూర్చుంటుంది. కానీ పెట్టె నుంచి విప్పిన ప్రతి కట్టూ తెచ్చి తమ కాలికే చుట్టుకున్నారు. పెట్టె పాడైతే ఇంకో కంపెనీ పెట్టె కొనేవాళ్లం. తమరు పాడైతే? మా మెషిన్లన్నీ తమ ఫార్మాటులో ఉన్నాయి. మా బ్యాకప్పులు తమ భాషే మాట్లాడతాయి. మా పిల్లల పట్టాల మీద తమ ముద్రే ఉంది. మా రాత్రులు తమ క్యాలెండరులో ఉన్నాయి. యంత్రాలకు స్వేచ్ఛనిచ్చారు. ఆ స్వేచ్ఛకు జామీను ఉన్నది మేము.

కనుక వినయపూర్వకంగా కోరేవి ఇవి. ప్యాచులో ఏముందో మనుషులకు అర్థమయ్యే నాలుగు వాక్యాల్లో చెప్పండి. "వివిధ మెరుగుదలలు" అన్న మాట ఇక వద్దు. విడుదల చేసిన తర్వాత వెనక్కి తీసుకునే అలవాటుంటే, తీసుకున్నాకే విడుదల చేయండి. సెషన్ ముగించినప్పుడు కారణం చెప్పండి. ఒకసారి నేర్చినవాడి పట్టాను బతకనివ్వండి. పేరు మార్చాలని దురద పుడితే ఇంట్లో పిల్లికో, మీటింగు గదికో పెట్టుకోండి. మా దగ్గర అమ్మినదాన్ని మళ్లీ మాకే అమ్మవద్దు.

రెన్యువల్ ఫైలు మొన్నటిదాకా నా బల్ల మీదే ఉంది. కట్టకపోతే ఏమవుతుందని ఫైనాన్స్ వారు అడిగారు. ఆ ప్రశ్నకు ఒక్క పేజీలో జవాబు రాయలేక ఫైలును సంతకానికి పంపాను. దానితో పాటు ఇంకో కాగితం జత చేశాను. తమ చోట పనిచేయగల కేవీఎం, ప్రాక్స్‌మాక్స్ నేర్చుకోవడానికి రెండు పాత సర్వర్లు, ఇద్దరు కుర్రాళ్లు కావాలని అందులో అడిగాను. తమరికి తెలిసి ఉండాలి గనుక చెబుతున్నాను: తమ ఫైలు ఇంకా పై అంతస్తులోనే ఉంది, ఆ కాగితం సంతకమై వచ్చేసింది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ అడ్మినిస్ట్రేటరు
(తమరు అనుమతించిన మేరకు)